బెత్తెడు వాలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో నీళ్ళ గురించి తప్ప వేరే మాట లేదు. తాగే నీళ్ళ గురించైతే కాస్త మర్యాదగా ఉండేది. మురుగునీళ్ళు, వాననీళ్ళు. భోజనానికి కూర్చుంటే చాలు, ఇటు మా ఆయన మురుగు ఎత్తుకునేవారు, అటు మా అక్క వాన ఎత్తుకునేది. మధ్యలో నేను ముద్ద నోట్లో పెట్టుకుని, "ఈ పూటకి ఏదైనా శుభ్రమైన సంగతి మాట్లాడుకుందామా?" అని అడిగేదాన్ని. ఇద్దరూ నా వంక చూసేవారు, మళ్ళీ మొదలుపెట్టేవారు.

మా అక్క ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్. నేను అదే బడిలో మూడో తరగతికి చెబుతాను. మా ఆయన పైపుల కాంట్రాక్టరు. ఇంట్లో కింద భాగం అక్కది, పైన మాది, వంట మాత్రం ఒకటే. అక్క పెళ్ళి చేసుకోలేదు. "నువ్వు ఆ బడిని చేసుకున్నావే" అని నేను ఏడిపిస్తే, "అది నాకు ఎదురు చెప్పదులే" అనేది.

బడి ముందుభాగం పెచ్చులూడి పిల్లల నెత్తిన పడుతుంటే, కూల్చి కట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఇచ్చారుగానీ మెలిక పెట్టి ఇచ్చారు. మరుగుదొడ్ల నీళ్ళకి ఒక పైపు, వాననీళ్ళకి ఇంకో పైపు, రెండూ ఎక్కడా కలవకూడదు. డాబా మీద పడ్డ వాన ఒక్కసారిగా వీధిలోకి దూకకూడదు. ఆటస్థలం కింద గొయ్యి కట్టి, నిలవ చేసి, నెమ్మదిగా వదలాలి. సెలవులు అయ్యేలోపు ఇదంతా చేసి డ్రైనేజీ బోర్డు చేత సరే అనిపించుకోవాలి. లేకపోతే బడి తలుపులు తెరవడానికి లేదు. తెరవకపోతే పిల్లల్ని పెద్ద రోడ్డుకి అవతలున్న బడులకి పంచేస్తారు. పంచిన పిల్లలు మళ్ళీ వస్తారా? బడి మూతపడినట్టే. ఇంకో బడి వెతుక్కునే వయసు కాదు అక్కది.

బోర్డు తరఫున వచ్చే ఇన్‌స్పెక్టరుకి నేను కుదరదుగారని పేరు పెట్టాను. ఏమడిగినా ముందు "కుదరదు" అనేవాడు, ఆ తర్వాత ఎందుకు కుదరదో ఓపిగ్గా చెప్పేవాడు. చెడ్డవాడు కాదు. అయినా తిట్టుకుని కడుపుమంట చల్లార్చుకునేవాళ్ళం.

"ఇన్నేళ్ళూ అన్నీ ఒక్క పైపులోనే పోయాయి కదండీ. ఎవరికేం నష్టం జరిగింది?" అని అక్క మొదటిరోజే వాదించింది.

"నాతో ఒకసారి రండి మేడమ్" అని కుదరదుగారు మమ్మల్నిద్దర్నీ దిగువ వీధిలోకి తీసుకెళ్ళి ఒక ఇంటి తలుపు తట్టాడు. ఆ ఇంటావిడ స్నానాలగది చూపించింది. గోడ మీద మోకాలి ఎత్తున మురికి చార. ఎంత తోమినా పోలేదట.

"మీ డాబా మీది వాన మురుగు పైపులో దూరితే అది పట్టక, ఇదిగో, ఇక్కడ పైకి తన్నుతుంది" అన్నాడు.

"పెద్ద వాన పడితే పిల్లల్ని మంచమెక్కించి కూర్చోబెట్టుకుంటానండీ" అంది ఆ ఇంటావిడ. ఆవిడ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అలవాటైపోయింది.

మర్నాటినుంచి అక్కే కుదరదమ్మ అయి కుదరదుగారిని మించిపోయింది. "ఒక్క చుక్క కూడా అటుది ఇటు రాకూడదు మరిదిగారూ" అని మా ఆయన్ని రోజూ కాల్చుకు తినేది.

ఇక్కడ ఒక రాయి సంగతి చెప్పాలి. కూల్చే మిషను గేటులోంచే లోపలికి రావాలి. ఆ గేటు ముందు పాత మెట్టురాయి ఒకటి ఉండేది. పిల్లల కాళ్ళకి నడిమధ్య గుంటపడి నున్నగా అరిగిపోయింది. దానిమీద ఎవరో ఉలితో గీత కొట్టారని అక్క అప్పటికే కాపలాదారుని కసిరింది. ఇక మిషను ఎక్కితే రెండు ముక్కలవుతుందని బెంగపెట్టుకుని, కూలీలచేత పెళ్ళగించి, బండిలో వేయించి ఇంటికి తెచ్చేసింది. మా మెట్ల కింద పెట్టించింది. అప్పటికి మా ఆయన వేరే ఊళ్ళో ఒక పని ముగిస్తూ ఉన్నారు.

"చోటు లేదని నా కుట్టుమిషను అమ్మించావు. బండరాయికి చోటు దొరికిందా?" అన్నాను.

"నువ్వు ఆ మిషను మీద ఒక్క గుడ్డ కుట్టిన పాపాన పోలేదు. దీన్ని తొక్కి ఎంతమంది బాగుపడ్డారో నీకేం తెలుసు?" అంది.

కూల్చడం అయిపోగానే రాయి తిరిగి తన చోటికి వెళ్ళింది. అక్క ఎండలో నిలబడి దగ్గరుండి పెట్టించింది. పాత మెట్టు మరీ ఎత్తు. ఒకటో తరగతి వాళ్ళు ఎక్కబోయి బోర్లాపడని రోజుండేది కాదు. ఎలాగూ పెడుతున్నాం కదా అని కాస్త కిందికి దించి పెట్టించింది. మా ఆయన వచ్చేసరికి రాయి ఎక్కడిదక్కడే ఉంది. ఇంట్లో కొన్నాళ్ళు ఒక బండ ఉండి వెళ్ళిందన్నది మొగుడికి చెప్పుకునేంత గొప్ప కబురా?

మా ఆయనకి వాలంటే ప్రాణం. ఎవరింటికి వెళ్ళినా ముందు నేల ఎటు వాలుందో చూస్తారు, తర్వాతే మనుషుల్ని పలకరిస్తారు. మా బడి స్థలమేమో చదును. పిల్లలు పరిగెత్తడానికి బాగుంటుంది, నీళ్ళు పరిగెత్తవు. వీధిలో ఉన్న మురుగు పైపు ఎంత లోతులో ఉందో నక్షాలో రాసి ఉంది. అది చూసుకుని, బడి వెనకనుంచి గేటుదాకా ఉన్న కొద్ది వాలునీ పొదుపుగా వాడుకుంటూ, పొద్దున్నే చల్లబాటున మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కేదాకా కందకంలోనే ఉండేవారు. మురుగు పైపు, వాన పైపు, ఆటస్థలం కింద గొయ్యి, కొత్త మరుగుదొడ్లు. వరసగా అన్నీ అయ్యాయి. కూల్చిన చోట కొత్త గదులూ లేచాయి. అక్క గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడేది. "మరిదిగారూ, ఇది మళ్ళీ చూసుకున్నారా?" అని అడిగేది. "చూసుకున్నాను వదినా" అని ఆయన కందకంలోంచి తలెత్తి నవ్వేవారు. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది.

పరీక్షరోజు కుదరదుగారు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వీధిలో కొత్తగా పోసిన తారు పగలగొట్టించి, కింద ఉన్న మూతలు తీయించాడు. బోర్డు పైపుల్ని బోర్డు మనుషులే ముట్టుకోవాలి, అదొక నియమం. రెండు పైపులకీ వీధివైపు నోళ్ళు తెరిచారు. తర్వాత నీలిమందు కలిపిన బకెట్టు నీళ్ళు మరుగుదొడ్లో పోయించాడు.

"ఈ రంగు వీధి గొట్టంలో కనపడాలి. అంతే" అన్నాడు.

అందరం వీధిలో గుంట చుట్టూ వంగి నిలబడ్డాం. రంగు రాలేదు. ఇంకో బకెట్టు పోయించారు, ఇంకోటి పోయించారు. మా గేటు లోపలి ఆఖరి గుంటలో నీలం నీళ్ళు చేరి, గోడలు తడుపుతూ పైకొచ్చి, అక్కడే కదలకుండా నిలబడిపోయాయి. మా ఆయన బోర్లా పడుకుని గుంటలో చెయ్యిపెట్టి తడిమారు. లేచేసరికి మోచేతిదాకా నీలం.

"మన పైపు వీధి పైపు కన్నా కింద ఉంది. బెత్తెడు" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

"నీళ్ళు ఎక్కవు కదండీ" అన్నాడు కుదరదుగారు నెమ్మదిగా.

"మోటారు పెట్టి ఎక్కిస్తే?" అని అక్క అడిగింది.

"కుదరదు. కరెంటు పోయినరోజు ఆ మురుగు ఎక్కడికి పోతుంది మేడమ్? మీ పిల్లల కాళ్ళకిందికి."

వీధి పైపే తప్పు ఎత్తులో ఉందేమోనని మా ఆయన బోర్డువాళ్ళతో మళ్ళీ కొలిపించారు. వాళ్ళ సొంత గుర్తులనుంచి కొలిస్తే అది ఉండాల్సిన చోటే ఉంది. వానపైపుదీ అదే కథ. బెత్తెడు కింద. కుదరదుగారు వీధి నోళ్ళకి గోనెసంచులు కుక్కించి, "కారణం తేల్చి చెప్పండి" అని వెళ్ళిపోయాడు.

కారణం తేలలేదు. మా ఆయన రోజూ వెళ్ళి కొలిచేవారు. ఎన్నిసార్లు కొలిచినా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నదే తప్పెలా అయిందో అంతుపట్టక పిచ్చెత్తిపోయారు. తిండి సయించలేదు, గడ్డం పెరిగింది. అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ బాధ. మాట్లాడుకునే మాటలన్నీ అయిపోయినట్టు భోజనాల దగ్గర ముగ్గురం కంచాలవంక చూసుకునేవాళ్ళం. వాన గురించి, మురుగు గురించి ఎవరూ ఎత్తేవారు కారు. నేను కోరుకున్న నిశ్శబ్దం అలా వచ్చింది, దాని మొహం మండ.

అంతలో మొదటి వాన పడింది. సెలవులింకా పూర్తవలేదు, వానకి తొందరొచ్చింది. నేనూ అక్కా పరిగెత్తుకుంటూ బడికి వెళ్ళేసరికి గోనెసంచులు కొట్టుకుపోయి ఉన్నాయి. నీళ్ళు బయటికి పోవాల్సిన పైపులోంచి లోపలికి వస్తున్నాయి. వీధి మురికంతా వాన పైపులో పడి, గొయ్యి నింపి, ఆటస్థలం మీదికి పొంగింది. అక్కడినుంచి కొత్త గదుల్లోకి వెళ్ళింది. నిన్నగాక మొన్న సున్నం వేసిన గోడల మీద, మేం దిగువ వీధి ఇంట్లో చూసిన చారే పడుతోంది.

అక్క చీపురు తీసుకుని నీళ్ళు బయటికి తోయడం మొదలుపెట్టింది. తోసినంతసేపూ పోతాయి, ఆపగానే తిరిగొస్తాయి. నేను చేటతో ఎత్తిపోశాను. మా ఆయన పైపు మూతికి తన చొక్కా కుక్కి, దాన్ని వీపుతో నొక్కిపట్టి, నడుములోతు నీళ్ళలో కూర్చున్నారు.

"ఇంక నావల్ల కాదే" అంది అక్క ఉన్నట్టుండి. చీపురు పట్టుకునే ఉంది. "ఒక్క బడి. నేను అడిగింది అంతేగా. పెద్దవేమీ అడగలేదుగా నేను."

అక్క ఏడవగా నేను చూడటం అదే మొదలు. దగ్గరికి వెళ్ళి పట్టుకోవాలని ఉంది, కానీ చేట వదిలితే నీళ్ళు పెరుగుతాయి. ఎత్తిపోస్తూ నేనూ ఏడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయనకి మేడమీద కాపడం పెడుతున్నాను. వీపంతా బిగుసుకుపోయింది. నక్షా మంచం మీద పరిచి పెట్టుకుని, బోర్లా పడుకుని దాన్నే చూస్తున్నారు.

"రాయి నుంచి లెక్కేస్తే అంతా సరిగ్గానే ఉందే" అన్నారు వందోసారి.

"ఏ రాయి?"

"గేటు దగ్గర మెట్టురాయి. సర్వేయరు దానిమీద గీత కొట్టి వెళ్ళాడు. నక్షాలో రాసిన వీధి పైపు లోతు కూడా ఆ గీతనుంచి కొలిచిందే. నేను తవ్వింది కూడా దాన్నుంచే. అదే సున్నా మాకు."

"దాని పేరెత్తకండి. మన మెట్ల కింద ఉన్నన్నాళ్ళూ నా కాలివేళ్ళన్నీ దానికే బలి" అన్నాను.

మా ఆయన వీపు నా చేతికింద కదలడం ఆగిపోయింది. "ఏ మెట్ల కింద?" అని అడిగారు.

చెప్పాను. మిషను, బండి, ఎండలో అక్క, ఒకటో తరగతి పిల్లలు, కాస్త కిందికి. చెబుతూ ఉండగానే నాకూ అర్థమైంది. ఆయన లేచి కూర్చుని నక్షాని మెల్లగా చుట్టడం మొదలుపెట్టారు.

"హమ్మయ్య. అయితే తప్పు మీది కాదు. ఇప్పుడే వెళ్ళి కుదరదుగారితో చెబుదాం" అన్నాను.

"కూర్చో" అన్నారు. "ఏమని చెబుతాం? సర్వే గుర్తుని కదిలించడం చిన్న సంగతి కాదు. కదిలిందని తేలితే పని ఆపేస్తారు. ఎవరు కదిలించారు, ఎందుకు కదిలించారు అని విచారణ పెడతారు. కొత్తగా సర్వే చేయించాలి. అదంతా అయ్యేసరికి ఈ వానాకాలం దాటిపోతుంది. పిల్లల్ని పంచేస్తారు."

"చెప్పకపోతే?"

"కాంట్రాక్టరు కొలత తప్పాడని రాసుకుంటారు. తప్పినవాడు తన ఖర్చుతో సరిచేయాలి. ఆ రోజే మొదలుపెట్టుకోవచ్చు. నలుగుర్ని వేసుకుంటే బడి తెరిచేలోపు అయిపోతుంది."

"అంతేనా?"

ఆయన చుట్టిన నక్షాకి దారం కట్టారు. "లైసెన్సు పోతుంది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయనకి చేతనైంది, ఇష్టమైంది ఆ ఒక్క పనే. ఇరవై ఏళ్ళు కందకాల్లో మోకాళ్ళు అరగదీసుకుని సంపాదించుకున్న పేరు. "మీకేమైనా మతిపోయిందా? చేసింది ఒకరు, పడేది ఒకరా? పోనీ అక్కకైనా చెప్పండి. అక్క దారి చూస్తుంది" అన్నాను.

"వదినకి అసలు చెప్పకు. తన చేత్తోనే బడికి ఇంత పని జరిగిందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. పైగా తెలిసిన మరుక్షణం వెళ్ళి వాళ్ళకి చెప్పేస్తుంది. ఆగుతుందా ఆవిడ? బడి పోతుంది. నాకు ఒట్టేయి."

ఒట్టు వేయలేదు. "సరేలెండి" అన్నాను. అది ఒట్టు కాదని మనసులో సరిపెట్టుకున్నాను.

రెండు రోజులు నాకు నిద్ర లేదు. మూడోరోజు పొద్దున బడికి వెళ్ళి, బురద గీకుతున్న అక్క పక్కన కూర్చున్నాను. మొగుడి వైపా, అక్క వైపా అని అడిగితే నేను చెప్పలేను. కానీ ఆయన మొహం చూస్తూ నోరుమూసుకుని ఉండటం నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను. బడి సంగతీ చెప్పాను, లైసెన్సు సంగతీ చెప్పాను. ఏదీ దాచలేదు.

అక్క బురద గీకే రేకు పక్కన పెట్టింది. తన చేతుల వంక చూసుకుంది.

"పిల్లలు పడిపోతున్నారనే కదే" అంది.

"తెలుసక్కా."

"మరిదికి తెలుసా, నాకు చెబుతున్నావని?"

"తెలీదు. చెప్పొద్దన్నారు."

అక్క తలూపింది. "నువ్వు ఇంటికి వెళ్ళు" అంది. నేను లేచాను. నా గుండె తేలికపడింది. నాకు అక్క సంగతి తెలుసు. అక్క ఏదో ఒక దారి చేస్తుంది, మా ఆయన్ని ముంచి తను ఒడ్డున నిలబడదు అనుకున్నాను. ఆ పూట చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది, రెండుసార్లు పెట్టుకు తిన్నాను.

కారణం తేలిందో లేదో అడగడానికి కుదరదుగారు వచ్చినరోజు మబ్బు పట్టి ఉంది. గేటు దగ్గర నలుగురం నిలబడ్డాం. అతను మెట్టురాయి పక్కన గొంతుక్కూర్చుని, దాని అడుగున కొత్తగా కనపడుతున్న సిమెంటుని వేలితో గీకి చూశాడు.

"సూటిగా అడుగుతాను. ఈ రాయి కదిలిందా?" అన్నాడు. "కదిలిందంటే పని ఆపి విచారణ పెట్టాలి, నా చేతిలో ఏమీ ఉండదు. కదల్లేదంటే తప్పు కాంట్రాక్టరుది. లైసెన్సు రద్దుకి రాయాలి. అది కూడా నా చేతిలో ఉండదు. పని మాత్రం ఈ రోజే మొదలెట్టుకోవచ్చు."

"కదల్లేదండీ. కొలత నేనే తప్పాను" అన్నారు మా ఆయన. ముందే అనుకుని వచ్చిన మాట కాబట్టి తడుముకోలేదు.

కుదరదుగారికి తృప్తి కలగలేదు. ఇలాంటి తప్పు చేసే మనిషి కాదని అతనికీ తెలుసు. లేచి నిలబడి అక్కవైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడమ్. రోజూ ఈ మెట్టు ఎక్కి లోపలికి వెళ్ళేది మీరే. మీ మాట రాసుకుంటాను."

నేను అక్కనే చూస్తున్నాను. అక్క నన్ను చూడలేదు, మా ఆయన్ని చూడలేదు. గేటులోంచి లోపలికి, చారలు పడ్డ గదులవైపు చూసింది.

"కదల్లేదు" అంది.

కుదరదుగారు "సరే" అన్నాడు. అతను సరే అనడం మేము వినడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే గడ్డపారలు దిగాయి. కొత్త మరుగుదొడ్ల నేల పలకలు పగిలాయి. వేసిన పైపంతా పైకి తీశారు. అడుగున ఇసుక పోసి, బెత్తెడు లేపి, మళ్ళీ పరిచారు. వాన పడుతూనే ఉంది. కందకం తవ్వేది సగం, కూలేది సగం. మా ఆయన బురదలోనే తిన్నారు, బురదలోనే కునుకు తీశారు. అక్క రోజంతా అక్కడే ఉండేది. ఇదివరకటిలా "చూసుకున్నారా మరిదిగారూ" అని అడిగేది కాదు. కందకంలోకి దిగి తట్ట అందుకునేది. "మీరెందుకు వదినా, జారతారు" అని ఆయన బతిమాలేవారు. వినేది కాదు. అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయినా వినలేదు.

నేను మాత్రం అక్కతో మాట్లాడలేదు. ఒకసారి వంటింట్లో ఇద్దరమే దొరికాం.

"ఏమైనా అనవే. తిట్టు" అంది.

"ఏమని తిట్టను? నీ బడి నీకు దక్కుతోందిగా."

"రెండొందల మంది పిల్లలే."

"అవును. ఆయన ఒక్కరేగా" అన్నాను.

అక్క గరిటె కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. అన్నందుకు నాకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. అన్నం మాడితే కలియబెట్టాను.

బడి తెరవడానికి ముందురోజు నీలిమందు నీళ్ళు మళ్ళీ పోశారు. మరుగుదొడ్లో పోసిన రంగు వీధి మురుగు పైపులోంచి గలగలమంటూ పోయింది. డాబా మీద పోసిన రంగు గొయ్యిలో చేరి, సన్నని ధారగా వాన కాలవలో పడింది. ఒక్క చుక్క అటుది ఇటు రాలేదు. కుదరదుగారు సంతకం పెట్టాడు. వెళ్ళేముందు మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంత శుభ్రమైన పని ఈ మధ్య నేను చూడలేదండీ" అన్నాడు. మరుసటి వారం లైసెన్సు రద్దయింది.

పిల్లలొచ్చారు. బడి నిండింది. ఆ వానాకాలం దిగువ వీధిలో ఏ ఇంట్లోనూ మురుగు పైకి రాలేదని చెప్పుకున్నారు. మా ఆయన ఒక సామాన్ల కొట్లో గుమాస్తాగా చేరారు, పైపులు అమ్మే కొట్టు. ఎవరైనా వచ్చి ఏ పైపు కావాలో చెబితే, అది ఎంత వాలులో వేయాలో నోటిదాకా వస్తే మింగేస్తానని నవ్వుతూ చెప్పారు నాకు. నేను నవ్వలేకపోయాను.

అక్క వేరే గది చూసుకుని వెళ్ళిపోయింది. బడికి దగ్గరని చెప్పింది. మా ఇంటినుంచైతే బడికి పది అడుగులు ఎక్కువ, అంతే. సామాను బండిలో వేస్తుంటే మా ఆయన నొచ్చుకున్నారు. "మేమేమైనా తక్కువ చేశామా వదినా?" అని అడిగారు. "మీరా?" అంది అక్క. ఇంకేదో అనబోయి, ఆయన పాదాలకేసి చూసి, బండి వెనకే నడిచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాన పడుతోంది. కిటికీ దగ్గర ఇద్దరం కూర్చున్నాం. కింద భాగం ఖాళీగా ఉంది, దీపం లేదు.

"నీకూ అక్కయ్యకీ ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అని అడిగారు.

"ఏమీ లేదు."

"రాయి సంగతి చెప్పలేదు కదా?"

"లేదు."

ఆయన నిట్టూర్చారు. మనసులో బరువు దిగిన మనిషిలా కుర్చీలో వెనక్కి వాలారు. "మంచి పని చేశావు. కదల్లేదని ఆవిడ ఎంత ధైర్యంగా చెప్పిందో చూశావుగా. దించి పెట్టించింది ఆవిడకి గుర్తే ఉండి ఉండదు. గుర్తుంటే చెప్పేసేదే. నేను మునిగిపోతుంటే ఊరుకునే మనిషా వదిన?"

వాన పెద్దదైంది. ఆయన నా జవాబు కోసం నావైపు తిరిగారు.

"ఊరుకునే మనిషి కాదు" అన్నాను.